మీరు ఏ మిషను వారు? – దోర్నకల్ ఆంగ్లికన్ సంఘ చరిత్ర, విశ్వాసము

ఓరుగల్లు సీమలో ఒక క్రైస్తవుడు కొత్త ఊరికి పోయినప్పుడు, సాటి క్రైస్తవుని నోట మొదట వినవచ్చే ప్రశ్న "మీరు ఏ మిషను వారు?" అన్నది. పెండ్లి సంబంధము మాట్లాడేటప్పుడైతే ఈ ప్రశ్న తప్పనే తప్పదు. హనుమకొండ వైపు వారు "బాప్టిస్టు మిషను" అంటారు. పాలమూరు వైపు నుండి వచ్చిన వారు "మెన్నొనైట్ బ్రదరన్" అంటారు. గుంటూరు నుండి వచ్చి స్థిరపడిన వారు "లూథరన్" అంటారు. మా పాలంపేట చుట్టుపక్కల పల్లెలలో పెద్దలు మాత్రము "మాది దోర్నకల్ మిషను, బిషప్పుగారి సంఘము" అని చెప్పుకొనేవారు. ఆ మాటకు అర్థమేమిటని నేటి యువతీ యువకులను అడిగితే "మనది సి.ఎస్.ఐ. గదా" అని ఊరుకొంటారు. అదీ నిజమే. అయితే సి.ఎస్.ఐ. పుట్టక ముందు మన పెద్దలు ఎవరు? ఏమి నమ్మారు? ఏ సంఘములో బాప్తిస్మము పొందారు?

వారు ఆంగ్లికన్ సంఘము వారు. ఇంగ్లండు దేశపు సంఘమునకు చెందిన ఒక చిన్న కొమ్మ నైజాము రాజ్యములోని అడవి దారులకు, బొగ్గు గనుల అంచులకు వచ్చి వేరు పట్టింది. దానికి ఒక వింత చరిత్ర ఉన్నది. లోకములో ప్రతి సంఘశాఖ తన పేరు నిలుపుకొనుటకు పాటుపడుతుంది. దోర్నకల్‌లోని ఆంగ్లికన్ సంఘము తన పేరు తానే తీసివేసుకొనుటకు దాదాపు ముప్పై ఏండ్లు పాటుపడింది. 1947లో ఆ పని ముగించింది. అందులో ఒక భాగము మాత్రము "మేము రాము" అని నిలిచిపోయింది. శతాబ్ది సంచికలలో మొదటి కథ ఎక్కువగా, రెండవ కథ తక్కువగా కనబడుతుంది. రెండూ కలిపి చెప్పుకుంటేనే మన విశ్వాసమేమిటో మనకు తెలుస్తుందని మా అభిప్రాయము.

మూడు దారులు

తెలుగు నేలకు ఆంగ్లికన్ విశ్వాసము ఒక్క దారిన రాలేదు. మొదటి దారి మచిలీపట్నము. 1841లో చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్టు నోబుల్, హెన్రీ ఫాక్సు అను ఇద్దరు యువకులు అక్కడ దిగారు. నోబుల్‌గారు పాఠశాల పెట్టి కూర్చున్నారు, ఫాక్సుగారు పల్లెల వెంట తిరిగారు. ఆ దారి క్రమముగా కృష్ణా తీరమంతా ప్రాకి, గోదావరి మీదుగా దుమ్ముగూడెము చేరింది. అక్కడ గోదావరి జలమార్గపు పనులు చూస్తున్న కెప్టెన్ హేగ్ అను ఇంజనీరు, ఆయన చెంత కొలువు చేసిన వేంకటరామరాజుగారు 1860 తరువాతి సంవత్సరాలలో కోయలకు సువార్త చెప్పుట ప్రారంభించారు. మేడారము, ఏటూరునాగారము అడవులను ఆనుకొని ఉన్న మాకు ఈ సంగతి దగ్గరిదిగా తోస్తుంది. దొర ఒకడు, రాజుల కులమువాడు ఒకడు కలిసి కోయగూడెముల దారి పట్టుట ఆ కాలమునకు చిన్న విషయము కాదు.

రెండవ దారి రాయలసీమ. కడప, కర్నూలు జిల్లాలలో ఎస్.పి.జి. అను మరొక ఆంగ్లికన్ సొసైటీ పనిచేసింది. ఇది 1701లో ఇంగ్లండులో పుట్టిన పాత సొసైటీ. ముత్యాలపాడు, కలసపాడు, నంద్యాల దాని కేంద్రములు. ఈ రెండు సొసైటీలది ఒకే సంఘము, ఒకే ప్రార్థన పుస్తకము. అయినను వాటి వాసన వేరు. చర్చి మిషనరీ సొసైటీ వారు ప్రసంగమునకు, వ్యక్తి మారుమనస్సునకు పెద్దపీట వేసేవారు. ఎస్.పి.జి. వారు సంస్కారమునకు, గురుత్వమునకు, బిషప్పు అధికారమునకు ఎక్కువ విలువ ఇచ్చేవారు. ఈ తేడాను పాఠకులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో పని ఉన్నది.

మూడవ దారియే మన దారి. అది తిరునల్వేలి నుండి వచ్చింది. దొరలు తెచ్చినది కాదు.

తిరునల్వేలి నుండి దోర్నకల్‌కు

తిరునల్వేలి జిల్లా వెల్లాలన్‌విలై గ్రామములో 1874 ఆగస్టు 17న వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు పుట్టారు. తండ్రి ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శియై దక్షిణ దేశమంతా తిరిగారు. 1902లో ఆయన సింహళములోని యాళ్పాణమునకు వెళ్ళినప్పుడు అక్కడి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో సువార్తికులను పంపుట చూచారు. తిరునల్వేలిలో అంతకంటె ఎన్నో రెట్లు క్రైస్తవులున్నారు, కాని పంపినవాడు ఒక్కడూ లేడు. ఆ సిగ్గు నుండి 1903 ఫిబ్రవరి 12న తిరునల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ పుట్టింది. మనుష్యులు ఇండియా వారే, డబ్బు ఇండియాదే, నడుపుట ఇండియా వారే. ఇది దాని నియమము.

ఎక్కడికి పంపవలెను? నైజాము రాజ్యపు తూర్పు కొసన, బెజవాడకు పోవు రైలుమార్గము నుండి సింగరేణి బొగ్గు గనులకు చీలు చోట దోర్నకల్ అను చిన్న ఊరున్నది. ఆ ప్రాంతములో సువార్త పని చేయువారు లేరు. 1904లో శామ్యూల్ పాక్యనాథన్‌గారు మొదటి మిషనరీగా అక్కడికి వచ్చారు. భాష రాదు, బంధువులు లేరు, తిండి సయితము వేరు. పులుసు అన్నము తినువానికి జొన్న గటక! తమిళ దేశమువాడు తెలుగు దేశమునకు వచ్చుట నేడు రైలులో ఒక రాత్రి ప్రయాణము. ఆనాడు అది పరదేశ యాత్రయే. 1906లో మొదటి బాప్తిస్మములు జరిగాయి.

1909లో అజరయ్యగారు డీకనుగాను, అదే ఏడు గురువుగాను అభిషేకము పొంది తామే దోర్నకల్‌కు వచ్చారు. ముప్పై ఐదేండ్ల వయస్సులో తెలుగు అక్షరములు దిద్దుకొన్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో ఆయన చేసిన ప్రసంగము చాలమంది దొరలకు కంటగింపైనది. మీరు మా కొరకు ప్రాణములిచ్చారు, ఆస్తులిచ్చారు, కాని స్నేహితులుగా మాతో కూర్చొనలేదు, మాకు స్నేహమివ్వండి అని దాని సారాంశము. ఆ మాటలు అన్న రెండేండ్లకు, 1912 డిసెంబరు 29న, కలకత్తాలోని సెయింట్ పాల్ కెథీడ్రల్‌లో ఆయన దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైనారు. ఆంగ్లికన్ సంఘములో బిషప్పు పీఠమెక్కిన మొదటి భారతీయుడు ఆయనే. మద్రాసు బిషప్పు హెన్రీ వైట్‌హెడ్‌గారు పట్టుబట్టి సాధించిన కార్యమిది. ఇండియా వాడు దొరల మీద అధికారము చేయుటా అని మిషనరీలలోనే గుసగుసలు పుట్టాయి. ఇండియా క్రైస్తవులలో సయితము కొందరు సణిగారు, ఆయన పుట్టిన నాడార్ కులమును ఎత్తి మాట్లాడిన వారూ ఉన్నారు. సంఘములో కులము లేదని మనము ప్రసంగించుట సులభము.

మొదట ఆ అధ్యక్ష మండలము చాల చిన్నది. దానిలోని గురువులను చేతి వ్రేళ్ళపై లెక్కించవచ్చును. 1920 తరువాత కృష్ణా ప్రాంతము, కడప కర్నూలు ప్రాంతము కూడ దోర్నకల్ క్రిందికి వచ్చాయి. అనగా పైన చెప్పిన మూడు దారులూ ఒక్క బిషప్పు చేతికి అందాయి. 1945 జనవరి 1న ఆయన దోర్నకల్‌లో కన్నుమూసేనాటికి ఈ మండలములో రెండు లక్షలకు పైగా విశ్వాసులున్నారు.

వారు ఏమి నమ్మారు

ఆంగ్లికన్ విశ్వాసమును నాలుగు స్తంభములుగా చెప్పుట వాడుక. రక్షణకు కావలసినదంతయు పరిశుద్ధ గ్రంథములో ఉన్నది. అపొస్తలుల విశ్వాస ప్రమాణము, నైసీయ విశ్వాస ప్రమాణము ఆ విశ్వాసమునకు సంక్షేపము. ప్రభువు తానే నియమించిన సంస్కారములు రెండు, అనగా బాప్తిస్మము, ప్రభు భోజనము. అపొస్తలుల కాలము నుండి చేతి మీద చేయి పెట్టి వచ్చిన బిషప్పుల వరుస సంఘమునకు కాపు. మొదటి మూడింటిని ప్రొటెస్టెంటు సంఘములు ఏదో ఒక రీతిని ఒప్పుకుంటాయి. నాలుగవదే పేచీ.

ఈ నాలుగింటిని చదువురాని పల్లెకు ఎట్లు నేర్పారు? ఊరికి ఒక పంతులుగారు. పగలు ఆయన పిల్లలకు బడి చెప్పేవారు. రాత్రి కూలి నుండి వచ్చిన పెద్దలను లాంతరు చుట్టు కూర్చోబెట్టి పరలోక ప్రార్థన, పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణము వల్లె వేయించేవారు. వల్లె రాని వారికి పాటగా కట్టి నేర్పేవారు. బిషప్పుగారు ఎడ్లబండిపై ఊరూరు తిరిగి చెట్టు క్రింద కూర్చుండి తామే ప్రశ్నలు వేసేవారు. ముసలమ్మ జవాబు చెబితే సంతోషించేవారు. ఏడాది పొడవునా ఆగమన కాలము, క్రిస్మసు, శ్రమదినములు, ఈస్టరు అని ప్రభువు జీవితమంతయు క్యాలెండరులో నడిచేది. పండుగలు పోగొట్టుకొన్న మనుష్యులకు వేరే పండుగలు ఇచ్చుటలో అజరయ్యగారి తెలివి కనబడుతుంది. ఆయన తెలుగు కీర్తనలను, భజనలను, కోలాటమును సంఘములోనికి రానిచ్చారు.

కన్ఫర్మేషన్ విషయము ఒకటి చెప్పవలెను. బాప్తిస్మము పొందినవారు తమ తల మీద తామే చేయి పెట్టుకొని, నేను బాప్తిస్మము పొందినవాడను, సువార్త ప్రకటింపకపోతే నాకు శ్రమ అను అర్థము వచ్చునట్లు పలుకవలెనని బిషప్పుగారు కోరేవారు. మొదటి కొరింథీ పత్రికలోని పౌలు మాట అది. గురువులు మాత్రమే బోధకులు, తక్కినవారు వినువారు అన్న అలవాటును ఆయన ఆ ఒక్క క్రియతో కొట్టివేశారు. 1930 తరువాతి సంవత్సరాలలో మండలమంతటా జరిగిన సాక్ష్య వారములలో కూలి పని చేసుకొను స్త్రీ పురుషులే ప్రక్క ఊళ్ళకు నడిచి వెళ్ళి చెప్పి వచ్చేవారు.

పసిపిల్లల బాప్తిస్మము మన ప్రాంతములో ఎప్పుడూ చర్చకు వచ్చే విషయము. 1879 నుండి హనుమకొండలో అమెరికా బాప్టిస్టులు గొప్ప పని చేశారు. ఆసుపత్రి, బడులు, సంఘములు వారి వలన కలిగాయి. తన నోటితో విశ్వాసము ఒప్పుకొన్న వారికే, అదియు నీట ముంచి, బాప్తిస్మమని వారి నమ్మిక. ఆంగ్లికనులు విశ్వాసుల ఇంట పుట్టిన బిడ్డ దేవుని నిబంధనలో పుట్టినదని నమ్మి బాల్యముననే బాప్తిస్మమిచ్చి, వయస్సు వచ్చిన తరువాత కన్ఫర్మేషన్‌లో ఆ ఒప్పుకోలు తీసుకొంటారు. మన ఇంటి పిల్ల బాప్టిస్టు ఇంటికి కోడలుగా పోయినప్పుడు మరల నీటిలో దిగుమందురా అన్న చిక్కు నేటికీ వస్తూనే ఉన్నది. బాప్తిస్మము ఒక్కమారే, తిరిగి ఇచ్చునది కాదు అన్నది మన సంఘ బోధ. ముంచుటకు గాని చిలకరించుటకు గాని మన సంఘములో అడ్డు లేదు. ఈ రెండు సంగతులు తెలిసియుంటే పెండ్లి పందిట్లో సగము వాదములు తగ్గేవి.

విడిచినవి, తెచ్చినవి

బాప్తిస్మమునకు వచ్చినవారిలో అత్యధికులు మాల, మాదిగ పల్లెల వారు. చచ్చిన గొడ్డు మాంసము మానవలెను, సారాయి మానవలెను, గ్రామదేవతల కొలువులలో పాల్గొనరాదు. ఈ మాటలు వినుటకు చిన్నవి. డప్పు కొట్టుట, గొడ్డును లాగివేయుట, జాతరకు వెట్టి చేయుట, ఇవే ఆ ఇంటికి ఊరు ఇచ్చిన బ్రతుకు తెరువు. ఏటా కళ్ళములో కొలిచే గింజలు ఆ చాకిరికి ప్రతిఫలమే. కనుక డప్పు మానుట అంటే గింజలు మానుకొనుటయే. రెండేండ్లకొకసారి ఊళ్ళకు ఊళ్ళు బండ్లు కట్టుకొని మేడారము పోయే మా ప్రాంతములో, బెల్లము మూట ఎత్తుకొనక ఇంటి పట్టున ఉండుట కూడ ఒక పరీక్షయే. చుట్టములందరు పోయిన వాడలో ఒక్క ఇల్లు మిగిలితే ఎట్లుండునో పాఠకులే ఊహించుకొనవచ్చును. సమ్మక్క తల్లిపై భక్తిగల పొరుగువారిని కించపరచుట మా ఉద్దేశము కాదు. విశ్వాసమునకు వెల ఉండెనని చెప్పుట మాత్రమే.

ఇంతటి పేదలను అజరయ్యగారు ఇమ్మని అడిగారు. అది ఆయన పట్టుదలలలో పెద్దది. పుచ్చుకొను సంఘము ఎన్నటికి నిలువలేదని ఆయన నమ్మకము. స్త్రీలు వంట బియ్యము పోయునప్పుడు పిడికెడు తీసి వేరు కుండలో వేసేవారు. కోత పండుగనాడు వడ్లు, జొన్నలు, గుమ్మడికాయలు, కోడిపుంజులు, మేకపిల్లలు బలిపీఠము ముందుకు వచ్చేవి, ఆరాధన అయ్యాక వేలము పాడేవారు. కోడిపుంజు ఆరాధన మధ్యలో కూసిందని పిల్లలు నవ్వుట ప్రతి ఊరిలోనూ ఉన్నదే. బిషప్పుగారు క్రైస్తవ దాతృత్వముపై 1939లో ఇంగ్లీషులో వ్రాసిన పుస్తకము ఆ తరువాత అనేక భాషలలోనికి వెళ్ళింది. ఆ పుస్తకమునకు పాఠములు నేర్పినది ఈ పిడికెడు బియ్యపు కుండలే అనుటలో అతిశయోక్తి లేదు.

క్రమముగా పల్లెలలో మార్పు చూచి 1920 తరువాత శూద్ర కులముల వారు కూడ కొన్ని చోట్ల సంఘములో చేరారు. మురికివాడ అని పేరుపడిన చోట శుభ్రత, చదువు, తాగుడు లేని సంసారములు కనబడుటయే వారిని కదిలించినదని బిషప్పుగారు చెప్పేవారు. 1930 తరువాత దళితుల మతమార్పిడిపై దేశములో పెద్ద వివాదము లేచినప్పుడు, గాంధీగారు ఆ మార్పిడులను గట్టిగా విమర్శించినప్పుడు, అజరయ్యగారు రెండు వైపుల నుండి మాటలు పడ్డారు. మార్పిడి మనస్సాక్షి హక్కు అని ఆయన నిలబడ్డారు. అదే సమయములో క్రైస్తవులకు ప్రత్యేక ఎన్నికల నియోజకవర్గములు వద్దన్నారు. సంఘము రాజకీయ గుంపుగా మారితే సువార్త తలల లెక్కగా మారునని ఆయన భయము. ఆ నియోజకవర్గములు పోయాయి గాని లెక్కలు పోలేదు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు తరువాత దళిత క్రైస్తవుడు షెడ్యూల్డు కులముల జాబితాలో లేడు. బాప్తిస్మపు పేరు ఒకటి, బడి రిజిస్టరు పేరు ఒకటి అన్న రెండు బ్రతుకుల బాధ మన ఇండ్లకు కొత్తది కాదు.

రామప్ప స్తంభములు, దోర్నకల్ స్తంభములు

పాలంపేట పేరు చెప్పగానే ఎవరికైనా రామప్ప గుడి జ్ఞాపకము వస్తుంది. కాకతి గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు కట్టించినది, శాసనము 1213వ సంవత్సరపుది. నైజాము ప్రభుత్వ పురావస్తు శాఖాధికారి గులాం యజ్దానీగారు ఈ గుడులపై వ్రాసిన గ్రంథము 1922లో వెలువడింది. 2021లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ కట్టడముగా గుర్తించారు. నల్లరాతి స్తంభములపై సన్నని చెక్కడము చూచుటకు నేడు ఎక్కడెక్కడి వారో వస్తున్నారు.

ఈ సంగతి సంఘ చరిత్రలో ఎందుకని అడుగవచ్చును. దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్‌ను చూచిన మా ప్రాంతము వారికి అందులోని స్తంభములు పరాయివిగా తోచవు. మసీదును పోలిన గుమ్మటములు, మినారులు, దేవాలయ మండపమును పోలిన స్తంభములు, తామరపువ్వు, వీటన్నిటి నడుమ సిలువ. డబ్బు కూడినప్పుడు కట్టి, లేనప్పుడు ఆపి, పాతిక ఏండ్ల వరకు సాగించి, 1939 జనవరి 6న ప్రత్యక్షతా పండుగనాడు దానిని ప్రతిష్ఠించారు. ఈ దేశపు హిందువుల శిల్పము, ముస్లిముల శిల్పము రెండూ క్రీస్తు పాదముల వద్దకు రావలెనని, సంఘము ఈ మట్టిలో మొలచినదిగా కనబడవలెనని అజరయ్యగారి ఆశయము.

మెదక్‌లో వెస్లియన్ మిషను వారు 1924లో ముగించిన కెథీడ్రల్ ఇంగ్లండు పద్ధతిలో ఆకాశమునకు లేచిన గోపురముతో ఉన్నది. దాని అందమునకు సాటి లేదు. అయితే ఒక మాట నిజాయితీగా చెప్పుకొనవలెను. ఆనాటి చాలమంది విశ్వాసులకు మెదక్ వంటి గుడియే నచ్చేది, దోర్నకల్ వంటిది కాదు. గుడి గడప తొక్కనీయని కులములో పుట్టినవానికి గుడి స్తంభము తీపి జ్ఞాపకము కాదు. తామరపువ్వు చూచి చదువుకున్న వారు సంతోషించారు, పల్లెవారు కొందరు సందేహించారు. బిషప్పుగారు ఈ సందేహము ఎరుగనివారు కారు. మూయబడిన తలుపు వెనుకనున్న అందమును తలుపు తెరచిన ఇంటిలో పెట్టుటకు ఆయన పూనుకొన్నారని మేము అర్థము చేసికొంటున్నాము.

పేరు విడుచుట

1919 మే నెలలో తరంగంబాడిలో కొందరు సంఘ నాయకులు కూడారు. ఇద్దరు తప్ప అందరు ఇండియా వారే. అజరయ్యగారు అందులో ముఖ్యులు. ఇంగ్లండులోనో స్కాట్లండులోనో అమెరికాలోనో జరిగిన పాత తగవులను బట్టి మనము విడిపోయి ఉన్నాము, ఆ తగవులు మనవి కావు, విడిపోయిన సంఘము ఈ దేశమును గెలువజాలదు అని వారు ప్రకటన చేశారు. 1927లో లొసాన్ మహాసభలోను అజరయ్యగారు ఇదే వినిపించారు. పాశ్చాత్య దేశములో చీలిక ఒక బలహీనత కావచ్చును, ఇండియాలో అది పాపము అన్న ధోరణిలో మాట్లాడారు. ఎందుకనగా ఇక్కడ ప్రతి చీలికలోను ఒక కులము వచ్చి కాపురము పెట్టగలదు. ఈ మాల ఒక మిషను, ఆ మాదిగ మరొక మిషను అయిపోయిన ఊళ్ళను ఆయన కండ్లార చూచారు. అంతటి నుండి ఐక్యత ఆయనకు సభల తీర్మానము గాక ఊరి సమస్య అయ్యింది.

చర్చలు 1920 నుండి సాగాయి. ఒక వైపు ఆంగ్లికనులు, ఒక వైపు 1908లో ఏర్పడిన సౌత్ ఇండియా యునైటెడ్ చర్చి, ఆ తరువాత బ్రిటిషు మెథడిస్టులు. నాలుగవ స్తంభము దగ్గర బండి నిలిచిపోయేది. బిషప్పు చేతులు లేని అభిషేకము అభిషేకమేనా? ఒకవేళ కాదంటే ఇన్ని ఏండ్లు ప్రభు భోజనము పంచిన ఆ అయ్యగార్లు ఎవరు? అవునంటే అపొస్తలుల వరుస ఎందుకు? చివరకు కుదిరిన ఒప్పందము ఇది. ఐక్య సంఘములో బిషప్పులుంటారు. ఇకమీదట అభిషేకములన్నియు వారి చేతనే. ఇదివరకే గురువులుగా ఉన్నవారిని తిరిగి అభిషేకింపరు, ఉన్నవారిని ఉన్నట్లే అంగీకరిస్తారు. ఏ సంఘమునకును దాని మనస్సాక్షి నొచ్చుకొనునట్లు గురువును పంపరు. ముప్పై ఏండ్లు గడచిన తరువాత మిగిలిన చిక్కులు చూచుకొంటారు. బిషప్పు పదవి ఉండుట ముఖ్యము, దానిని గూర్చి ఫలానా వివరణనే నమ్మవలెనన్న నిర్బంధము లేదు.

అజరయ్యగారు ఆ దినము చూడలేదు. ఆయన మరణించిన నెలలోనే ఆంగ్లికన్ జనరల్ కౌన్సిల్ ఐక్యతను ఆమోదించింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కెథీడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడింది. ఆ రోజున క్రొత్త బిషప్పులు 9 మంది అభిషిక్తులైనారు, మండలములు 14. హైదరాబాదు సంస్థానము భారతదేశములో కలిసినది 1948 సెప్టెంబరులో. నైజాము రాజ్యములోని మన దోర్నకల్ సంఘము అంతకు ఏడాది ముందే ఎల్లలు దాటి కలిసిపోయింది. హనుమకొండ బాప్టిస్టులు, గుంటూరు లూథరనులు, హైదరాబాదు అమెరికా మెథడిస్టులు ఈ ఐక్యతలో చేరలేదు. కనుకనే "ఏ మిషను" అన్న ప్రశ్న మన సీమలో బ్రతికి ఉన్నది.

ఈ ఐక్యతకు వెల కూడ చెల్లించవలసి వచ్చింది. తల్లి సంఘము అనుకొన్న ఆంగ్లికన్ లోకము 1948 లాంబెత్ మహాసభలో మన సంఘమును పూర్తి సహవాసములోనికి తీసుకొనలేదు. 1955లో గాని ఇంగ్లండు సంఘము మన అభిషేకములను గుర్తించుటకు ఒప్పుకొనలేదు, అదియు షరతులతో.

నంద్యాల వారి మాట

మూడు దారులలో రెండవ దారిని జ్ఞాపకము చేసికొందము. ఎస్.పి.జి. పెంచిన నంద్యాల ప్రాంతపు సంఘములు దోర్నకల్ మండలములోనివే. అజరయ్యగారు అభిషేకించిన గురువులే అక్కడ ఉండిరి. అయినను 1947లో ఇంచుమించు ముప్పై వేలమంది అక్కడి విశ్వాసులు ఐక్య సంఘములో చేరుటకు నిరాకరించి, కలకత్తా మెట్రపాలిటన్ క్రింద ఆంగ్లికనులుగానే నిలిచారు. 1963లో వారికి నంద్యాల అధ్యక్ష మండలము ప్రత్యేకముగా ఏర్పడింది.

వారిని మొండివారని కొట్టివేయుట న్యాయము కాదు. గురువు అనువాడు బిషప్పు చేత అభిషిక్తుడు కావలెనని, లేనియెడల బలిపీఠము దగ్గర ఆయన చేయు క్రియ సంస్కారము కాదని రెండు మూడు తరములుగా వారికి నేర్పినది మనమే, అనగా మన ఆంగ్లికన్ సంఘమే. నేర్చిన దానిని గట్టిగా పట్టుకొన్న పాఠమును తప్పనుట ఎట్లు? మనస్సాక్షి నొచ్చునట్లు గురువును పంపము అన్న హామీ వారికి చాలలేదు. హామీ మాట మనుష్యులది, వరుస అపొస్తలులది అని వారి వాదము. మరొక ప్రక్క దోర్నకల్ వారి వాదము కూడ బలమైనదే. మెదక్ వెస్లియన్ అయ్యగారి చేతి రొట్టె తిని ఎందరో పల్లెవారు పరిశుద్ధులైనారు గదా, దేవుడు గుర్తించిన దానిని మనము గుర్తింపకుండుట ఎట్లు?

మా తీర్పు దోర్నకల్ వైపే. అయితే నంద్యాల వారు నిలబడుట వలన ఒక మేలు కలిగినదని కూడ అనుకొంటాము. ఐక్యత అనగా దేనినైనా సర్దుకొనుట అని మనము తేలికగా తీసుకొనకుండా వారు నాలుగవ స్తంభమును మనకు జ్ఞాపకము చేస్తూ వచ్చారు.

కాలము వారిని కూడ కదిలించింది. వారు ఆశ్రయించిన ఆంగ్లికన్ సంఘమే 1970లో ఉత్తర ఇండియా సంఘమై ఐక్యతలో కలిసిపోయింది. 1975లో నంద్యాల మండలము దక్షిణ ఇండియా సంఘములో చేరింది. కొందరు ఆ తరువాత కూడ ఆంగ్లికన్ అన్న పేరుతోనే వేరుగా ఉన్నారు. తక్కినవారు ఇరవై ఎనిమిది ఏండ్ల తరువాత వచ్చి మన బల్ల దగ్గర కూర్చున్నారు. ఆ నాటికి తిరిగి అభిషేకింపబడని పాత గురువులలో చాలమంది కాలధర్మము చెందియున్నారు. ముప్పై ఏండ్ల గడువు పెట్టినవారు ఈ లెక్క వేసుకొనియే పెట్టినట్లున్నది.

బిషప్పు చేయి ఎవరిది కావలెనన్న ప్రశ్నతో విడిపోయిన ఆ నంద్యాలకే, 2013 సెప్టెంబరు 30న రెవరెండ్ ఇ. పుష్పలలితగారు బిషప్పుగా అభిషిక్తురాలైనారు. దక్షిణ ఇండియా సంఘములో పీఠమెక్కిన మొదటి స్త్రీ ఆమెయే.